మొదటి తెరచాప పడవ
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

చీర కొనేటప్పుడు మనం ఊరికే కొనం. అంచు చూస్తాం, వెలుతురులోకి తీసుకెళ్ళి తిరగేసి చూస్తాం, రంగు పోతుందా అని నాలుగుసార్లు అడుగుతాం. కుక్కరైతే మూత బిగించి చూస్తాం. మరి పడవ కొనవలసి వస్తే ఏం చూడాలి?

"పడవా! మనకెందుకమ్మా పడవ?" అని మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నాలుగేళ్ళ క్రితం నేనూ నవ్వినదాన్నే. అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్ మీద పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పుతున్నారని ఎవరో చెబితే, ఇంట్లో అల్లరైనా తగ్గుతుంది కదా అని పంపాను. సెలవులు అయిపోయాయి గానీ పిల్ల పిచ్చి తగ్గలేదు. "అమ్మా, నాకో పడవ కొనిపెట్టవూ" అని రోజూ అదే పాట. మా అత్తగారు మాత్రం, "నీళ్ళతో చెలగాటమేమిటే అమ్మాయ్, ఉన్న పడవ చాలదూ మనింట్లో?" అన్నారు.

ఆవిడ అన్న పడవ సంగతి ముందు చెప్పాలి. అంతకు పదేళ్ళ ముందు మా మరిది ఎక్కడో పైఊళ్ళో చవగ్గా వస్తోందని పదహారు అడుగుల పాత చెక్క పడవ కొనుక్కొచ్చాడు. అతను పడవ నేర్చుకున్నది మొత్తం ఒక వారం! లారీలోంచి దింపడానికి ఆరుగురు మనుషులు కావలసి వచ్చారు. అక్కడే మాకు అర్థం కావలసింది. మొదటి ఆదివారమే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని చెరువులోకి దిగాడు. రెండో మలుపులో పడవ ఒరిగి బోల్తా కొట్టింది. ఇద్దరూ ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాళ్ళే. అరగంట సేపు నీళ్ళలో పడి లాగినా అది లేవలేదు. చివరికి మోటారు పడవ వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాగింది. తర్వాత విప్పి చూస్తే ఏముంది, పడవను తేల్చి ఉంచవలసిన గాలి పెట్టెలు లోపల పగిలి ఉన్నాయి. చెక్క ఏళ్ళ తరబడి నీళ్ళు తాగి రెట్టింపు బరువెక్కింది. అమ్మినాయన అవేవీ చెప్పలేదు, మావాడు అడగనూ లేదు. ఆ పడవ మా పెరట్లో గోడ పక్కన చేరింది. మా అత్తగారు అందులో మట్టి పోయించి తోటకూర చల్లారు. బాగానే కాసింది! ఆ తోటకూర పులుసు పెట్టిన రోజున మా మరిది తలెత్తి భోజనం చేసేవాడు కాదు.

అందుకని అమ్మాయి అడగ్గానే నేను "చూద్దాం" అని ఊరుకున్నాను. నేర్పే ఆయన దగ్గరికి వెళ్ళి, "పిల్లకు ఎలాంటి పడవ కొనాలండీ?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. మర్నాడు ఉదయం వచ్చి ఒడ్డున నిలబడమన్నారు. నా కళ్ళముందే మా పిల్లను పడవను బోల్తా కొట్టించమన్నారు!

గుండె ఆగినంత పనయింది. తెరచాప నీళ్ళమీద పరుచుకుంది, పిల్ల కనపడలేదు. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. ఇరవై అనేలోగా పడవకు అవతలి వైపు తల కనిపించింది. పడవ అడుగునుంచి బయటికి పొడుచుకొచ్చిన పలకను రెండు చేతులా పట్టుకుంది, దానిమీదికి ఎక్కి నిలబడింది, వెనక్కి వాలింది. తెరచాప మెల్లిగా నీళ్ళు కార్చుకుంటూ లేచింది. పిల్ల లోపలికి పాకి, తాడుకు కట్టి ఉన్న ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు తోడిపోయడం మొదలుపెట్టింది. "ఇదేనమ్మా జవాబు. తను పడేసి, తనే లేపుకోగలిగిన పడవ కొనండి" అన్నారాయన.

ఆ మాట మీకు ఒంటపట్టాలంటే పడవ ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. భయపడకండి, రెండు నిమిషాలే. సీతాఫలం గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే ఏమవుతుంది? చటుక్కున ముందుకు జారిపోతుంది. వేళ్ళు పక్కలనుంచి నొక్కాయి, గింజ ముందుకు పోయింది. తెరచాప పడవా అంతే. గాలి తెరచాపను ఒక పక్కనుంచి నెడుతుంది. పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే నిలువు పలక పక్కకు జారనీయకుండా అడ్డుకుంటుంది. రెంటి మధ్యా పడవ ముందుకు జారుతుంది. ఆ పలకే లేకపోతే పడవ, మన మేడమీది దండెం మీంచి ఎగిరిన తువ్వాలు లాగా, గాలి ఎటు తోస్తే అటే పోతుంది. పలక ఉన్నా గాలికి సూటిగా ఎదురు పోలేదు. ఇటు కొంత, అటు కొంత, తిరుమల ఘాట్ రోడ్డులాగా మలుపులు తిరుగుతూ పోవాలి. మలుపు తిరిగినప్పుడల్లా తెరచాప కిందుండే అడ్డకర్ర ఒక పక్కనుంచి రెండో పక్కకు ఊగుతుంది. తల వంచనివారికి అది గుర్తుండిపోయేట్టు చెబుతుంది.

ఇంతకూ చిన్న పడవను నిలబెట్టేది ఏమిటి? నడిపే మనిషి బరువే. గాలి ఒరగదోస్తే మనం ఎదురు అంచున కూర్చుని వెనక్కి వాలాలి. పెద్ద పడవల్లో అడుగున సీసమో ఇనుమో టన్నుల కొద్దీ ఉంటుంది, అదే నిలబెడుతుంది. చిన్నవాటిలో ఆ బరువు ఉండదు కనుక అవి బోల్తా కొడతాయి. నేర్చుకునేటప్పుడు తప్పకుండా కొడతాయి. అది ప్రమాదం కాదు, పాఠంలో భాగం. లేపలేకపోవడం ప్రమాదం.

"మరి పెద్దదే కొంటే బోల్తా గొడవే ఉండదుగా" అని మా పక్కింటావిడ అన్నారు. నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నౌకలో భూగోళాన్ని చుట్టి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి 2018 మే 21న తిరిగి అక్కడికే చేరారు. అందులో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారని చదివి మనమంతా మురిసిపోయాం. తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. అది చూసి పెద్ద పడవ మీద మోజు పడడం సహజమే. కాని పెద్ద పడవ మన తప్పును వెంటనే చెప్పదు. చుక్కాని తప్పు తిప్పినా కాసేపటికిగాని తెలియదు. చిన్న పడవ అయితే ఆ క్షణాన్నే మొట్టికాయ వేస్తుంది. పైగా పెద్దదాన్ని నిలిపే చోటు, లంగరు, మరమ్మతు, అన్నీ బోలెడు ఖర్చు. మొదటి పడవకు అది తగదు.

పిల్లలకైతే ఎక్కువ ఆలోచించే పని లేదు. ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ ఉంది. 1947లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లలకోసం తయారుచేశాడు. ముందుభాగం మొనదేలి ఉండక, కోసేసినట్టు చదరంగా, స్నానాల తొట్టిలాగా ఉంటుంది. అందానికి పేరు పెట్టలేం. పొడవు 2.36 మీటర్లు, బరువు 35 కిలోలు. పదకొండేళ్ళ మా పిల్ల బరువూ అప్పుడు అంతే! ఒకటే తెరచాప, నాడాలతో స్తంభానికి కట్టుకోవాలి. లోపల మూడు గాలి సంచులు ఉంటాయి, నీళ్ళు నిండినా మునగదు. పదిహేనేళ్ళ దాకా దీనిలో పోటీలకు వెళ్ళవచ్చు. తర్వాత వదిలేయాలి కాబట్టి, ఎదిగిన పిల్లలు అమ్మేసే పాత పడవలు దొరుకుతుంటాయి. కొత్తదే కావాలని పట్టుబట్టకండి. పిల్లల గౌన్లలాగే ఇదీ చేతులు మారుతుంది.

పెద్ద పిల్లలకూ, మనలాంటివారికీ లేజర్ ఉంది. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ గీసిన పడవ, 1971లో అమ్మకానికి వచ్చింది. 2019 నుంచి దీన్ని ఐ.ఎల్.సి.ఎ. అంటున్నారు, పాత పేరూ వాడుకలో ఉంది. పొడవు 4.23 మీటర్లు, డొప్ప బరువు 59 కిలోలు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. పడవ ఒకటే, తెరచాపలు మూడు సైజులు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. స్తంభం కింది ముక్క మార్చి, తగిన తెరచాపను దిండుకు గలీబు తొడిగినట్టు తొడగడమే. 50 కిలోల అమ్మాయి చిన్నదానితో మొదలుపెట్టి, బలం వచ్చాక మధ్యదానికి మారవచ్చు. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ 2021లో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించింది ఈ మధ్య సైజుతోనే. తెరచాప పడవల పోటీలో ఒలింపిక్స్‌కు వెళ్ళిన మొదటి భారతీయ మహిళ ఆమె. అయితే ఒక మాట, లేజర్ చురుకైన గుర్రం. నిదానంగా నేర్చుకునేవారిని మొదట్లో బాగానే ముంచుతుంది. లోపల నిలిచిన నీళ్ళు మాత్రం పడవ కదిలితే వాటంతటవే కారిపోతాయి.

ఇద్దరు కలిసి నడపాలంటే ఎంటర్‌ప్రైజ్ అని నీలిరంగు తెరచాపల పడవ ఉంది. 1956 నాటిది, 4 మీటర్ల పైచిలుకు పొడవు. దీన్ని గీసిన జాక్ హోల్ట్ గారిదే ఇంకో పడవ కథ మీకు చెప్పకుండా ఉండలేను. 1962లో ఇంగ్లండులో బారీ బక్‌నెల్ అనే ఆయన, టెలివిజన్‌లో ఇంటిపనులు సొంతంగా చేసుకోవడం ఎలాగో చూపించేవాడు, హోల్ట్‌తో కలిసి మిర్రర్ అనే పడవను తయారుచేశాడు. దాన్ని ఎలా చేసేవారంటే, కత్తిరించిన ప్లైవుడ్ ముక్కలను అంచులు కలిపి రాగితీగతో టాకాలు వేసేవారు. ఆ కుట్టుమీద గాజునారతో నేసిన పట్టీ పరిచి జిగురు పట్టించేవారు. జాకెట్టుకు ముందు టాకాలు వేసి తర్వాత మిషను కుట్టు వేయడం మనకు ఎవరో నేర్పాలా? అలా వంటింట్లోనూ వరండాలోనూ తయారైన పడవలతో కలిపి మొత్తం 70 వేలకు పైగా అయ్యాయి. ఎర్ర తెరచాపలు దాని గుర్తు. మన దగ్గర అది అంతగా కనపడదు గాని, పడవ అంటే శ్రీమంతుల వ్యవహారం అనేవారికి చెప్పడానికి పనికొస్తుంది.

ఇక పాతది కొనేటప్పుడు పరీక్షలు. నేను చీరల కొట్లో నేర్చిందంతా ఇక్కడ పనికొచ్చింది. డొప్ప మీద అరచేత్తో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోండి. ఫైబర్‌గ్లాసు గట్టిగా ఉండాలి. ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగితే అక్కడ లోపల చెడిందన్నమాట. వేలితో తట్టితే మంచి కుండలాగా పలకాలి. లేజర్ అయితే స్తంభం నిలబెట్టే గొట్టంలో నీళ్ళు పోసి కాసేపు ఉంచండి. మట్టం తగ్గితే నీళ్ళు డొప్పలోకి కారుతున్నట్టే, దణ్ణం పెట్టి వచ్చేయండి. వీలైతే తూకం వేయించండి. ఉండవలసినదానికన్నా నాలుగైదు కిలోలు ఎక్కువ తూగితే ఆ ఎక్కువంతా నీళ్ళే. అమ్మేవారు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. మొహమాటపడ్డందుకే మా పెరట్లో తోటకూర మొలిచింది.

తెరచాపను గుప్పిట్లో నలిపి చూడండి. కొత్తది గరగరలాడుతుంది. ఎండకు మగ్గినది పాత నేత చీరలాగా మెత్తగా చేతికి వస్తుంది. అలాంటిది నేర్చుకోవడానికి ఫర్వాలేదు, కాని ధర తగ్గించమనండి. నిలువు పలక, చుక్కాని అంచులు చితికి ఉన్నాయా, చుక్కాని బంధాలు వదులయ్యాయా చూడండి. పడవను ఒడ్డున తోసుకెళ్ళే రెండు చక్రాల బండి ధరలో కలిసి ఉందా అని అడగడం మరిచిపోకండి. నేను మరిచిపోయాను. ఆ బండి వేరే కొనవలసి వచ్చింది, మావారు ఇప్పటికీ దెప్పుతారు.

లైఫ్ జాకెట్ మాత్రం పాతది వద్దు. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచిందంటే పెద్దదయినట్టు. "వచ్చే ఏడాదికి సరిపోతుందిలే" అని యూనిఫారం కుట్టించినట్టు దీన్ని కొనకూడదు.

ఇంకో సంగతి. కొనడానికి తొందరపడకండి. హుస్సేన్‌సాగర్ మీద సికింద్రాబాదు సెయిలింగ్ క్లబ్, ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటివి ఉన్నాయి. వర్షాకాలంలో గాలి బాగుంటుంది కనుక జాతీయస్థాయి పోటీలు కూడా అప్పుడే జరుగుతుంటాయి. టాంక్‌బండ్ మీద నిలబడితే కనిపిస్తాయి. ఏ ఊళ్ళోనైనా ముందు ఒక కాలమంతా క్లబ్బు పడవలమీద నేర్చుకోనివ్వాలి. వానలో, ఎండలో, గాలి లేక గంటసేపు కదలకుండా కూర్చున్న రోజున కూడా మళ్ళీ వెళ్తానంటే అప్పుడు కొనండి. సాగర్ నీళ్ళు శుభ్రమైనవి కావు. ఒంటిమీద గాయం ఉన్న రోజున పంపకండి, ఇంటికి రాగానే తలంటి పోయండి.

మా అమ్మాయికి ఏడాది ఆగి పాత ఆప్టిమిస్ట్ కొన్నాం. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకు ఈత నేర్పలేదు. పిల్ల కోసం ఒడ్డున నిలబడి వణకడం ఇష్టంలేక నలభై రెండో ఏట నేను ఈత నేర్చుకున్నాను. ఆ తర్వాత ఎంటర్‌ప్రైజ్‌లో తాడు పట్టుకుని కూర్చున్నాను కూడా. రెండుసార్లు పడ్డాను, రెండోసారి నేనే లేపాను. మా అత్తగారికి మొదటిసారి సంగతే చెప్పాను.

ఈ ఏడు అమ్మాయికి పదిహేనొచ్చాయి. ఆప్టిమిస్ట్‌ను అమ్మకానికి పెట్టాం. మొన్న ఒక తల్లి కూతుర్ని తీసుకుని వచ్చింది. డొప్ప అంతా అరచేత్తో నొక్కి చూసి, తెరచాప నలిపి, "తూకం వేయిస్తారా అండీ?" అని అడిగింది. వేయించాను. బండి కూడా ధరలోనే కలిపి ఇచ్చాను.