మేనరికము – మతిమరుపు

తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టునున్న వీథులలోగాని, చిత్తూరు పరిసర గ్రామములలోగాని, చిన్ననాట నేర్చిన అన్నమయ్య కీర్తనను చరణము తప్పక పాడుచు, అరగంట క్రిందట తిన్న సంగటిని మాత్రము మరచి, "ఏమబ్బా, నాకు సంగటి పెట్టరా?" అని మనుమని నిలదీయు అవ్వ కనబడుట అరుదు కాదు. "ఇప్పుడే తింటివి గదవ్వా!" అని వాడనును, పది నిమిషములకు ఆమె మరల అదే అడుగును. ఇంటిల్లిపాదియు దీనిని చాదస్తమని కొట్టివేయుదురు. కాని అరువదికి చేరువైన ఆమె కూతురు మాత్రము లోలోన మరియొకటి తలపోయును: అమ్మకు వచ్చినది నాకును వచ్చునా?

మెదడులో ఇరుప్రక్కల, చెవుల ఎత్తున, లోతట్టున హిప్పోక్యాంపస్ అను చిన్న భాగము కలదు. నాటినాటి సంగతులను మొదట చిట్టాకెక్కించునది ఇదియే; వానిలో స్థిరపడినవి కాలక్రమమున మెదడు పైపొరలలోని ఆవర్జాకు మారును. అల్జీమర్ వ్యాధి తొలుదొలుత చిట్టా వ్రాయు చేతినే పట్టును గనుక, ఆవర్జాలోని అన్నమయ్య నిలిచియుండగా ఉదయపు సంగటి ఎక్కకయే పోవును. జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వర్ణించిన ముద్దలును చిక్కులును ఈ వ్యాధికి నేటికిని గుర్తులు: నాడీకణముల వెలుపల అమిలాయిడ్ ముద్దలు, లోపల టౌ అను మాంసకృత్తు చిక్కులు. మతిమరుపు బయటపడుటకు పదునైదిరువది ఏండ్ల ముందే అమిలాయిడ్ పేరుకొన నారంభించును.

ఇందు వంశపాత్ర ఎంత? నలువది, ఏబదియేండ్లకే వ్యాధిని తెచ్చి, తరతరమునకు సూటిగా దిగు జన్యుదోషములు కొన్ని కలవు. అవి మిక్కిలి అరుదు. సామాన్యకుటుంబములకు సంబంధించినది పందొమ్మిదవ క్రోమోజోముమీది ఏపీఓఈ జన్యువు. దీనికి రెండు, మూడు, నాలుగు అను సంఖ్యలతో మూడు రూపములు. ఈ జన్యువు చేయించు మాంసకృత్తు మెదడులో క్రొవ్వును కణములకు మోయును, అమిలాయిడ్‌ను తొలగించుటలో తోడ్పడును; నాల్గవ రూపమునకు ఈ రెండవ పనియందు నేర్పు తక్కువ. దీనికిని అల్జీమర్‌కును గల సంబంధమును 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు వెల్లడించిరి. తల్లినుండియో తండ్రినుండియో ఒక్క ప్రతి వచ్చినచో ప్రమాదము సుమారు మూడింతలు. ఇరువురినుండియు వచ్చినచో ఎనిమిది మొదలు పండ్రెండింతలు. 1996లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, జ్ఞాపకము చెక్కుచెదరని నడివయస్కులయ్యు రెండు ప్రతులు గలవారి మెదడులందు, వ్యాధి తాకు తావులు అప్పటికే గ్లూకోజును తక్కువగా వాడుకొనుచున్నట్లు కనబడెను.

రెండు ప్రతులనగానే, ఒకే పూర్వికుని జన్యువు ఇరువైపులనుండియు బిడ్డకు దిగుటకు వీలిచ్చు మేనరికము మన సీమలో తలపునకు వచ్చును. మేనమామకు మేనకోడలినిచ్చుట ఇచ్చట నిన్నమొన్నటివరకు ముచ్చటగా జరిగినదే. లెక్క చూతము. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామములలో నాల్గవ రూపము నూటికి ఏడు పాళ్లని తేలినది. మనకును అంతే అనుకొందము. దంపతులు పరాయివారైనచో వెయ్యిమంది సంతానములో రెండు ప్రతులు గలవారు ఐదుగురు. మేనబావ మేనమరదళ్లైనచో తొమ్మండుగురు. మేనమామ మేనకోడండ్రైనచో పదుమువ్వురు. వృద్ధి నిజమే, కాని మిగిలిన తొమ్మిదివందల ఎనుబదియేడుగురి మాట మరువరాదు. రెండు ప్రతులు గలవారిలోను అందరు మతి కోల్పోరు. ఒక్కటియు లేనివారును కొందరు కోల్పోవుదురు. అవ్వకు ఒక్క ప్రతియే ఉన్నచో, కూతురికి అది వచ్చుటయు రాకపోవుటయు సమానమే.

ఇక ఈ సీమకు మరియొక ఆస్తి కలదు. నగరి సంతలో అరవము, పలమనేరులో కన్నడము, కుప్పములో ఆ రెండును, ఇంటిలో తెలుగు. బడి మెట్టెక్కని వారును వీనిని అవలీలగా మార్చి మాటలాడుదురు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది మతిభ్రంశరోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దానినిబట్టి, రెండు భాషలవారికి ఒక్కభాషవారికంటె వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడసూపినది, నిరక్షరులలోను ఆలస్యము కనబడినది. మూడవ భాషవలన అదనపు లాభము కనబడలేదట, కుప్పమువారు క్షమింతురుగాక! భాష జన్యువును మార్చదు. చెడిన భాగపు పనిని కొంతకాలము తక్కిన మెదడు నెట్టుకొని వచ్చునట్లు చేయుననియే పండితుల ఊహ.

ఆరోగ్యముగా ఉన్నవారు కేవలము కుతూహలముకొలది ఈ జన్యుపరీక్షకు పరుగెత్తుట నాకు సమ్మతము కాదు. ఫలితము చేతికి వచ్చినను రూపమును మార్చుకొను మందు లేదు, అన్నదమ్ములకు మాత్రము దిగులు పంచినట్లగును. రక్తపోటును, చక్కెరను అదుపున నుంచుకొనుట అంతకంటె మేలు. ఇంటిలో అవ్వ ఒకే ప్రశ్నను పదేపదే అడుగుచున్నచో చాదస్తమని విసుగుకొనక, తిరుపతి స్విమ్స్‌వంటి ఆసుపత్రిలోని నాడీవైద్యునికి చూపుడు. బి-12 లోపము, థైరాయిడ్ మాంద్యము సైతము ఇట్టి మరపునే తెచ్చును, వానికి చికిత్స కలదు.