ఆరడుగులా, మీటరా? — వృద్ధులకు చెప్పవలసిన ఎడము

2020వ సంవత్సరము మార్చి నెలలో మన రాష్ట్రమునందలి కలబురగికి చెందిన 76 ఏండ్ల వృద్ధులొకరు మరణించిరి. కరోనా వ్యాధివలన మన దేశమున సంభవించినట్లు ధ్రువపడిన మొదటి మరణమదియే. అటుపిమ్మట ప్రభుత్వములు, వైద్యులు, పత్రికలు ప్రజలకు చెప్పిన హితవులలో మనిషికిని మనిషికిని నడుమ ఎడముండవలెననునది ముఖ్యమైనది. ఆ మాట అందరికంటె ముందుగా, అందరికంటె స్పష్టముగా చేరవలసినది వృద్ధులకే. అది వారికే కొలతలో, ఏ భాషలో చేరినదో విచారించుట ఈ వ్యాసోద్దేశము. విపత్తు నిర్వహణ చట్టము క్రింద విధించిన నిబంధనలు 2022 మార్చి 31తో ముగిసినవి. అయినను జలుబులు, విషజ్వరములు ఏటేట వచ్చుచునే యున్నవి గనుక విషయము పాతబడినదని త్రోసివేయరాదు.

కేంద్ర ఆరోగ్యశాఖ వృద్ధుల కొరకు ప్రత్యేకముగా వెలువరించిన సూచనలలో, ఇతరులను కలిసికొనక తప్పనిచో ఒక మీటరు దూరముండుడని చెప్పిరి. కేంద్ర హోంశాఖ ఆదేశములలో బహిరంగ స్థలములందు ఆరడుగులు అని యుండెను. ప్రధానమంత్రి 2020 ఏప్రిల్ 24వ తేదీన దేశమునందలి సర్పంచులతో మాటలాడుచు ‘దో గజ్ దూరీ’ అను మాటకు ప్రచారము కల్పించిరి. బెంగళూరులోని ఒక తెలుగింట ఈ మూడును ఒక్కనాడే వినవచ్చును: వీధి ఫలకముపై కన్నడమున ‘ఆరు అడి’, వార్తలలో హిందీన ‘దో గజ్’, మనుమని చేతి ఫోనులో ఆంగ్లమున ‘వన్ మీటర్’. ఇవి మూడును ఒకే దూరమును తెలుపు మూడు పేర్లని ఇంటి పెద్దలు తలచుట సహజము.

లెక్క వేసి చూతము. గజమనగా 3 అడుగులు, అనగా 91.44 సెంటీమీటర్లు. కావున రెండు గజములును ఆరడుగులును నిజముగా ఒకటియే. 183 సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. మీటరన్ననో, 3 అడుగుల 3 అంగుళములకు కొంచెము పైమాట. ఆరడుగులలో సగమును కొంచెము దాటినది మాత్రమే. రెండు మీటర్లకును ఆరడుగులకును భేదము సుమారు 17 సెంటీమీటర్లు, జానెడైనను లేదు. దానిని విడిచిపెట్టవచ్చును. ఒక మీటరునకును ఆరడుగులకును నడుమ నున్న భేదము మాత్రము ఇంచుమించు గజమంత. అది కొలతల పద్ధతిలోని భేదము కాదు, హితవులోనే యున్న భేదము. పేర్లు వేరగుటవలన ఆ సంగతి మరుగుపడినది.

హితవులో భేదమేల వచ్చెను? దగ్గునపుడు, తుమ్మునపుడు, బిగ్గరగా మాటలాడునపుడు నోటినుండి తుంపురులు వెలువడును. పెద్దవి తమ బరువుచేత కొద్ది దూరములోనే నేలబడును. మిక్కిలి సన్ననివి గాలిలో తేలుచు మూసిన గది యంతయు వ్యాపింపగలవు. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం వెల్స్ 1934లోనే ఈ తారతమ్యమును వివరించెను. వ్యాధిక్రిములు ఇంత దూరమే పోవునని గీటు గీయుట ఎవరికిని సాధ్యము కాదు. గీసినది మనుష్యుల నిర్ణయమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ కనీసము ఒక మీటరన్నది. అమెరికావారు ఆరడుగులన్నారు. జర్మనీ, ఆస్ట్రేలియాలు మీటరున్నర అన్నవి. మనకు అడుగులను నేర్పిన ఇంగ్లాండువారే తమ ప్రజలకు రెండు మీటర్లని చెప్పిరి! 2021 మార్చిలో అమెరికావారు ముఖమునకు మాస్కు ధరించిన విద్యార్థుల విషయమున తరగతి గదులలో ఆరడుగులను మూడడుగులకు తగ్గించిరి. ఎడము గోడవంటిది కాదు. తెరచిన కిటికీ దానికి తోడు కావలెను.

ఇక మన వృద్ధులు ఏ కొలతలు నేర్చినవారు? 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చినది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలైనవి. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా వ్యాప్తిలోనికి వచ్చి, 1962 నాటికి తప్పనిసరియైనవి. కావున 2020లో 75 ఏండ్ల వయసుగలవారు 1945లో జన్మించి, 12 అంగుళములడుగు, 3 అడుగులు గజము, 220 గజములు ఫర్లాంగు, 8 ఫర్లాంగులు మైలు అని వల్లించినవారు. 65 ఏండ్లవారు 1955లో జన్మించి, బడిలో చేరునప్పటికే మీటరు వచ్చియున్నది. ప్రభుత్వము దృష్టిలో ఇరువురును వృద్ధులే. ఎక్కముల పుస్తకములు మాత్రము వేరు.

బడిలో నేర్చినదే బ్రతుకులో నిలుచునా యన్న, అదియును లేదు. ఈ నగరమున గుడ్డ మీటర్లలోను, పాలు లీటర్లలోను కొనుచున్నాము. ఇంటి స్థలమన్నచో ముప్పది నలువదియే. అవి అడుగులని వేరుగా చెప్పనక్కరలేదు. పెండ్లికొడుకు ఎత్తు అడుగులలోనే. జ్వరము చూచుటలో నూటరెండు డిగ్రీలనగానే ఇంటివారు భయపడుదురు. అది ఫారన్‌హీటు లెక్క. పూలు మూరలలో. మీటరన్న మాటకు మన వీధిలో మొదటి అర్థము ఆటోకు బిగించిన యంత్రము, రెండవది విద్యుచ్ఛక్తిని లెక్కించు పెట్టె.

తెలుగున మరియొక చిక్కు కలదు. కన్నడమున కొలతకు ‘అడి’ యనియు, నడకలో వేయుదానికి ‘హెజ్జె’ యనియు వేరు మాటలున్నవి. మనకు రెండింటికిని ‘అడుగు’ ఒక్కటియే. ఆరడుగులు దూరముండుమన్న, అవ్వ ఆరు అడుగులు వేసి నిలిచిన తప్పు ఆమెది కాదు. ఆ పొరపాటు క్షేమమువైపే ఒరగును గనుక నష్టము లేదు. కాని వరుసలో వెనుకకు పోయి తన వంతు పోగొట్టుకొనును.

దుకాణముల యెదుట సున్నముతో వలయములు గీసిరి గదా! ఆ యుపాయము మెచ్చదగినదే, భాష రానివారికిని అర్థమగును. అయితే కొన్నిచోట్ల రెండడుగుల వెడల్పుగల వలయములను నడిమినుండి నడిమికి మీటరు దూరమున గీసిరి. ముందరివారు తమ వలయపు వెనుక అంచునను, వెనుకవారు తమ వలయపు ముందంచునను నిలిచినచో నడుమ మిగులునది అడుగు మూడంగుళములే.

నా యభిప్రాయమున పెద్దలకు చెప్పవలసిన కొలత మన భాషలోనే సిద్ధముగా నున్నది. మోచేతినుండి నడిమి వ్రేలి కొనవరకు మూర, 18 అంగుళములు. నాలుగు మూరలు బార. రెండు చేతులు బారచాచిన ఈ కొననుండి ఆ కొనకు ఉండునది బార; 72 అంగుళములు, అనగా సరిగా ఆరడుగులు, రెండు గజములు. నూతి లోతును, చేదత్రాటిని బారలతో లెక్కించిన తరమువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కన్నడిగులు దీనినే ‘మారు’ అందురు. బెంగళూరులో పూలమ్మువారికి మొళ, మారు రెండును తెలియును. మనిషి పొట్టియైన బారయు పొట్టియగు మాట నిజమే. కావున ఇంటిలో ఎత్తైనవారి బారను గ్రహింపవలెను. అదియు కాకున్న, ‘మంచము పొడవంత ఎడము’ అనిన చాలును. ఒక మీటరే చెప్పదలచినచో చీర పన్నాకంటె కొంచెము తక్కువ యనవచ్చును. చట్టము మీటరును కోరునది క్రయవిక్రయములకు. అవ్వకు హితవు చెప్పుటకు బారను వాడుటను ఏ యధికారియు తప్పుపట్టడు.

మాట విషయమునను జాగ్రత్త యవసరము. మొదట ‘సామాజిక దూరము’ అనిరి. కొందరిని ఊరి వెలుపల నుంచిన దేశమున ఆ పదము మంచి జ్ఞాపకములను తేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థయు 2020 మార్చిలోనే ‘భౌతిక దూరము’ అను మాటను ఎంచుకొన్నది. ‘తాతయ్యా, దూరముగా నుండుము’ అనుటకును ‘తాతయ్యా, బారెడు ఎడముగా కూర్చుందము’ అనుటకును పెద్దల మనసున చాల భేదము కలదు. చెవులు మందగించినవారు మాట వినబడక ముందుకు వంగుదురు. ముఖమునకు మాస్కు ఉన్నపుడు పెదవుల కదలికయు కనబడదు. అట్టివారియెదుట మనమే గొంతు కొంచెమెత్తి, నిదానముగా పలుకవలెను; లేదా పలకపై వ్రాసి చూపవలెను.

తలిదండ్రులకొక చిన్న పని సూచించుచున్నాను. ఒక త్రాడు తీసికొని, మీటరు వద్ద ఒక ముడి, బార వద్ద ఒక ముడి పిల్లలచేత వేయింపుడు. కొలుచునది తాతయో అవ్వయో కావలెను. వారు మూరలు లెక్కింతురు, పిల్లలు సెంటీమీటర్లు చదువుదురు. మొదటి ముడికి 100, రెండవదానికి 183 వచ్చినదో లేదో సరిచూచి, త్రాటిని వీధివాకిట మేకునకు తగిలించి యుంచుడు.