బస్సు ఎందుకు రాలేదు?

పొద్దుటి బస్సు రాకపోతే జనం ముందుగా తిట్టేది డ్రైవరునీ, కండక్టరునీ. కళ్ళకి కనబడేది వాళ్ళే గదా! కానీ బస్సు ఆగిపోయిన కారణం చాలాసార్లు వాళ్ళ చేతిలో ఉండదు. అది డిపోలో ఉండొచ్చు. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్న పెద్ద ఆఫీసులో ఉండొచ్చు. ఒక్కోసారి ఎక్కడో పరాయి దేశంలో జరిగే యుద్ధంలో కూడా ఉండొచ్చు. అదెలాగో చూద్దాం.

మన ఆర్టీసీ చిన్నగానే మొదలైంది. 1932లో నిజాం రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సులు నడిపారు. తర్వాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయింది. ఆ తర్వాత సంస్థ కూడా రెండయింది. ఇప్పుడు రెండింటిలోనూ వేల బస్సులు తిరుగుతున్నాయి. వాటి మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి.

డిపో అంటే బస్సుల ఇల్లు. అక్కడ డ్రైవర్లు, కండక్టర్లే కాదు, మెకానిక్కులు ఉంటారు. టైర్లు చూసేవాళ్ళు, బస్సులు కడిగేవాళ్ళు, లెక్కలు రాసేవాళ్ళు ఉంటారు. అందరి పైన డిపో మేనేజరు. ఏ రోజు ఎవరు ఏ బస్సుకి పోవాలో డ్యూటీ చార్టులో రాసి పెడతారు. డ్యూటీ దిగాక కండక్టరు డబ్బు కట్టాలి, టికెట్ల లెక్క అప్పజెప్పాలి. అప్పుడే ఇంటికి పోవాలి.

సంస్థకి అన్నిటికన్నా పెద్ద ఖర్చులు రెండు. ఒకటి జీతాలు, రెండు డీజిలు. డీజిలు ధర ఆర్టీసీ చేతిలో లేదు. ఒక లెక్క వేద్దాం. ఒక బస్సు లీటరు డీజిలుకి 5 కిలోమీటర్లు నడుస్తుంది అనుకుందాం. రోజుకి 200 కిలోమీటర్లు తిరిగితే 40 లీటర్లు కావాలి. లీటరుకి 5 రూపాయలు పెరిగితే ఒక్క బస్సుకే రోజుకి 200 రూపాయలు అదనపు ఖర్చు. డిపోలో 100 బస్సులు ఉంటే రోజుకి 20 వేలు. నెలకి 6 లక్షలు! టికెట్ ధర మాత్రం నిన్నటిదే. ఎందుకంటే ప్రభుత్వం ఒప్పుకోకుండా చార్జీలు పెంచడానికి లేదు.

2022లో ఇలాగే జరిగింది. ఆ ఏడు ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ప్రపంచమంతటా ముడిచమురు ధర పెరిగింది. టోకున కొనే ఆర్టీసీకి డీజిలు, మామూలు బంకు ధర కన్నా బాగా ప్రియమైంది. ఎక్కువ సరుకు కొంటే ధర తగ్గాలి గదా? ఇక్కడ అంతా తలకిందులు. అందుకని డిపోలో డీజిలు పోసుకునే బస్సులు బయటి బంకులకి పోయి వరసలో నిలబడ్డాయి. యుద్ధం జరిగింది ఎక్కడ, వరసలో నిలబడ్డ డ్రైవరు ఎక్కడ!

ఖర్చు పెరిగితే పై ఆఫీసు ఊరుకోదు. ఖర్చు తగ్గించండి, రాబడి పెంచండి అని డిపో మేనేజరుకి కాగితం వస్తుంది. ఆ కాగితంలోని బరువు మేనేజరు తన దగ్గర ఉంచుకోలేడు. కింది వాళ్ళ మీదికి దించుతాడు.

"ఏమ్మా, నీ సర్వీసులో కలెక్షన్ పడిపోయిందేం?"

"ఏం చెయ్యమంటారు సార్? మన బస్సుకి పది నిమిషాల ముందే ఆటోలు వచ్చి జనాన్ని ఎక్కించుకుపోతున్నాయి సార్."

ఇలాంటి మాటలు ఏ డిపోలోనైనా వినబడతాయి. కండక్టరుది కలెక్షన్ లెక్కయితే, డ్రైవరుది డీజిలు లెక్క. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు నడిపాడో ఒక్కొక్క డ్రైవరు పేరు మీదా రాస్తారు. పొదుపుగా నడపమనడం మంచిదే. కానీ రోడ్డంతా గుంతలు, బస్సు పాతది, నిలువుకాళ్ళ మీద జనం కిక్కిరిసి ఉన్నారు. అప్పుడు డీజిలు ఎక్కువ తాగదా మరి? ఆ తప్పు డ్రైవరుది ఎలా అవుతుంది?

రెండో బరువు మనుషులు చాలకపోవడం. ఏటా కొంతమంది రిటైరవుతారు. వాళ్ళ చోట కొత్తవాళ్ళని తీసుకోకపోతే, ఉన్నవాళ్ళే ఆ పని కూడా చెయ్యాలి. డ్యూటీ దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కమంటారు. దీన్నే డబుల్ డ్యూటీ అంటారు. అదనపు డబ్బు వస్తుందని కొందరు ఒప్పుకుంటారు. కాదంటే ఏమవుతుందోనని కొందరు ఒప్పుకుంటారు. మోటారు కార్మికుల కోసం 1961లోనే చట్టం చేశారు. మామూలుగా రోజుకి 8 గంటల పని, వారానికి 48 గంటల పని అని అందులో రాశారు. 5 గంటలు పని చేశాక కనీసం అరగంట విరామం ఇవ్వాలన్నారు. దూరపు సర్వీసులకి కొంత వెసులుబాటు ఇచ్చారు. కాగితం మీద రాసింది ఒకటి, పండగ రద్దీలో జరిగేది ఇంకొకటి.

ఈ బరువు చివరికి ఒంటి మీద పడుతుంది. నడుం నొప్పి, మెడ నొప్పి, బీపీ. వేళకి తిండి ఉండదు, నిద్ర ఉండదు. ఆడ కండక్టర్ల బాధ ఇంకొకటి ఉంది. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదు. అందుకని కొందరు నీళ్ళు తాగడమే తగ్గిస్తారు. ఎండాకాలంలో నీళ్ళు తాగకుండా ఎనిమిది గంటలు బస్సులో నిలబడటం ఎంత కష్టమో, ఎంత జబ్బు తెస్తుందో చెప్పక్కరలేదు. జీతాల గురించి మాట్లాడే పెద్దలు ఈ సంగతి మాట్లాడరు. ఇక నిద్ర చాలని డ్రైవరు చేతిలో స్టీరింగు ఉంటే, అది అతని ఒక్కడి కష్టం కాదు. బస్సులో ఉన్న అందరి ప్రాణాలదీ.

బరువు మరీ ఎక్కువైతే ఏమవుతుంది? తెలంగాణలో 2019 అక్టోబరు 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకి దిగారు. సుమారు 48 వేల మంది. తమని ప్రభుత్వంలో కలుపుకోవాలన్నది వాళ్ళ పెద్ద కోరిక. పనిలోకి రానివాళ్ళు ఉద్యోగం వదులుకున్నట్టే అని ప్రభుత్వం అంది. సమ్మె 50 రోజులు దాటింది. జీతాలు లేవు. దసరా, దీపావళి అలాగే గడిచిపోయాయి. కొందరు కార్మికులు ప్రాణాలు కూడా తీసుకున్నారు. నవంబరు ఆఖరులో అందరూ తిరిగి పనిలో చేరారు. డిసెంబరులో చార్జీలు కిలోమీటరుకి 20 పైసలు పెరిగాయి. అంటే 20 కిలోమీటర్లు పోయేవాళ్ళకి 4 రూపాయలు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకున్నారు.

అప్పుడే కరోనా వచ్చిపడింది. 2020 మార్చి 22న బస్సులు ఆగిపోయాయి. మే నెలలో పల్లెల్లో, పట్టణాల్లో మళ్ళీ కదిలాయి. హైదరాబాదు సిటీ బస్సులు మాత్రం సెప్టెంబరు 25 దాకా డిపోలు దాటలేదు. టికెట్ తెగకపోతే రాబడి లేదు. కానీ అప్పులకి వడ్డీ ఆగదు, ఇళ్ళలో పొయ్యి ఆగదు. బస్సులు తిరిగాక భయం మొదలైంది. చేతికి చెయ్యి తగిలేలా డబ్బు తీసుకుని టికెట్ ఇచ్చేది కండక్టరే గదా. కొందరు జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆ కాలంలోనే తెలంగాణ ఆర్టీసీ కొన్ని బస్సుల్ని సరుకు బళ్ళుగా మార్చి పార్శిళ్ళు మొయ్యడం మొదలుపెట్టింది. కష్టంలో సంస్థ చేసిన తెలివైన పని ఇది.

కష్టకాలంలోనే కాదు, మంచి పథకం వచ్చినప్పుడు కూడా పని పెరుగుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. కూలికి పోయే ఆడవాళ్ళకి రోజూ చార్జీ మిగిలింది. చాలా మేలు. కానీ బస్సులు అన్నే ఉండి జనం పెరిగితే తొక్కిసలాట తప్పదు. డబ్బు కట్టకపోయినా టికెట్ తీసుకోవాలి. దాన్ని సున్నా టికెట్ అంటారు. ఎంతమంది ఎక్కారో ఆ టికెట్ల వల్లే తెలుస్తుంది. ప్రభుత్వం సంస్థకి ఇవ్వాల్సిన డబ్బుకి అదే ఆధారం. "ఊరికే పోయేదానికి టికెట్ ఎందుకమ్మా?" అని కండక్టరుతో తగవు పడితే నష్టం మన బస్సుకే.

ఎందుకంటే నష్టాల్లో ముందుగా ఆగేది పల్లె బస్సే. పట్నం నుంచి పట్నం పోయే బస్సు నిండుతుంది. మన ఊరి బస్సు మధ్యాహ్నం ఖాళీగా పోతుంది. లెక్కల్లో అది నష్టపు బస్సు. కానీ అదే బస్సులో పదో తరగతి ఆడపిల్ల బడికి పోతుంది. బస్సు పోతే కొన్ని ఇళ్ళలో ఆ పిల్ల చదువూ పోతుంది. ఆ సంగతి డిపో లెక్కల పుస్తకంలో కనబడదు. దాన్ని ఊరివాళ్ళే చెప్పాలి.

చెప్పడం అంటే డ్రైవరు మీద అరవడం కాదు. డిపో మేనేజరు పేర అర్జీ రాయాలి. ఊరి పేరు, బస్సు వచ్చే వేళ, ఏ తేదీ నుంచి రావడం లేదో రాయాలి. రోజూ ఎక్కేవాళ్ళు ఎందరు, అందులో బడి పిల్లలు ఎందరు, సంతకి పోయేవాళ్ళు ఎందరు అన్నది అంకెల్లో రాస్తే బలం ఎక్కువ. సంతకాలో, వేలిముద్రలో పెట్టాలి. ఒక నకలు మీద డిపో ముద్ర వేయించుకుని పంచాయతీ ఆఫీసులో దాచాలి.