ఎక్స్‌రే గదిలోనూ అమానతే

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కర్మాగారాలలో శ్రమించే మన కుటుంబాలకు ఎక్స్‌రే, సీటీ స్కాన్ కొత్తవి కావు. వైద్యుడు అవసరమన్న పరీక్షను భయంతో మానుకోవడం వివేకం కాదు. అవసరం లేకున్నా పట్టుబట్టి తీయించుకోవడమూ వివేకం కాదు.

ఛాతీ ఎక్స్‌రేతో దేహానికి చేరే రేడియేషన్ సాధారణంగా 0.1 మిల్లీసీవర్టుకు మించదు. పొట్ట సీటీ స్కాన్‌తో సుమారు 8 చేరుతుంది. ప్రకృతి నుండి మనిషికి ఏటా చేరేది ప్రపంచ సగటున 2.4. అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐలలో ఈ కిరణాలు ఉండవు. కనుక పాత ఫిల్ములను, రిపోర్టులను భద్రపరచి వైద్యునికి చూపుదాం. వాటితోనే సరిపోతుందేమో, అల్ట్రాసౌండ్ చాలునేమో అడుగుదాం. గర్భవతులు ఆ సంగతిని బిడియపడక ముందే చెప్పాలి.

మనం ఒక్కసారి వెళ్లే గదిలో టెక్నీషియన్ ప్రతిదినమూ నిలబడతాడు. అతడూ ఒక ఇంటి బిడ్డే. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం అటువంటి ఉద్యోగికి చేరే మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులను, ఏ ఒక్క ఏడాదిలోనూ 30ని మించరాదు. దానిని కొలిచేది అతడు ధరించే టీఎల్‌డీ బ్యాడ్జి. బ్యాడ్జి, సీసపు ఏప్రాన్, అడ్డుగోడ సమకూర్చడం యజమాని బాధ్యత. వాటిని అడగడం ఉద్యోగి హక్కు.

పసిబిడ్డను కదలకుండా పట్టుకొమ్మని టెక్నీషియన్‌ను బలవంతపెట్టరాదు. తండ్రి ఏప్రాన్ ధరించి పట్టుకోవాలి. గర్భవతి అయిన తల్లి బయటే ఉండాలి. మన సౌకర్యం కోసం పరుల దేహానికి హాని కలిగించడం ధర్మసమ్మతం కాదు.

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, ఈ అమానతును కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.