ఫైబర్ టాప్‌కి వేసిన అతుకు ఎందుకు ఊడుతుంది?

క్యాంపర్ వ్యాన్లో పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ ఉంటాయి. మనిషి నిటారుగా నిలబడాలంటే మాత్రం రేకు టాప్ కోసి, ఆ చోట ఎత్తయిన ఫైబర్‌గ్లాస్ టాప్ బిగించాలి. 1979లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ మూడో తరం వ్యాన్లకు జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా సంస్థ ఇలాంటివే, పైకి లేచే టాప్‌లు అమర్చింది. అవి ఇప్పటికీ రోడ్లమీద తిరుగుతున్నాయి. అన్నేళ్లు ఎండకు, కుదుపులకు ఓర్చిన టాప్ పగలడం వింతేమీ కాదు. వేసిన అతుకు ఆర్నెల్లకే ఊడిపోతేనే కారణం వెతకాలి.

గాజు పోగుల మ్యాట్‌కు పాలియెస్టర్ రెసిన్ పట్టించి గట్టిపరిస్తే ఫైబర్‌గ్లాస్ తయారవుతుంది. లాగుడును పోగులు తట్టుకుంటాయి. ఒక పోగు మీద పడ్డ భారాన్ని రెసిన్ పక్క పోగుకు అందిస్తుంది. పైన మెరిసే జెల్‌కోట్‌లో పోగులుండవు కాబట్టి అది పెళుసు. సాలెగూడులా సన్నగా అల్లుకున్న గీతలు చాలాసార్లు ఆ పొరతోనే ఆగిపోతాయి. అనుమానం ఉంటే నాణెంతో తట్టి చూడాలి. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, లోపల పొరలు విడిపోయిన చోట మొద్దుగా మోగుతుంది.

లోతైన పగుల్లో పుట్టీ నింపి రంగేస్తే చూపుకు బాగానే ఉంటుంది. కానీ భారం మోసే పొడవాటి పోగులు పుట్టీలో లేవు. బండి కుదిపినప్పుడల్లా టాప్ వంగుతుంది, పగులు మళ్లీ అక్కడే తేలుతుంది.

తెగిన పోగుల్ని తిరిగి కలపలేం. కొత్త పోగుల్ని పాతవాటి పక్కన అంటించగలం, అంతే. భారమంతా ఆ అంటు మీదుగానే దాటాలి కాబట్టి అంటు ఎంత వెడల్పుగా ఉంటే ఒక్కోచోట పడే ఒత్తిడి అంత తగ్గుతుంది. అందుకే పగులు అంచుల్ని ఏటవాలుగా అరగదీస్తారు. మందానికి పన్నెండు రెట్ల వాలు మంచి కొలత. టాప్ 3 మిల్లీమీటర్లుంటే పగులుకు ఇరువైపులా 36 మిల్లీమీటర్ల చొప్పున అరగదీయాలి.

ఎప్పుడో గట్టిపడిన రెసిన్‌తో కొత్త రెసిన్ ఒకటైపోదు, దాని గరుకును పట్టుకుని నిలుస్తుంది. అందుకే 80 నంబరు లేదా అంతకన్నా ముతక ఉప్పుకాగితంతో రుద్దాలి. రుద్దకముందే ఎసిటోన్‌తో తుడవాలి. లేకపోతే మైనం, సిలికాన్ జిడ్డు రుద్దిన గీతల్లోకే దిగిపోతుంది. చెమ్మ కూడా ఉండకూడదు.

అంటుకునే బలంలో పాలియెస్టర్ కన్నా ఎపాక్సీది పైచేయి. అయితే దానికి మామూలు మ్యాట్ పనికిరాదు. మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే బైండరు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు. ఎపాక్సీకి నేత గుడ్డ వాడాలి, పైన జెల్‌కోట్‌కు బదులు పెయింట్ వేయాలి.

పాలియెస్టర్‌కైతే సాధారణంగా 100 గ్రాముల రెసిన్‌కు 1 నుంచి 2 గ్రాముల హార్డనర్ చాలు. తగ్గితే గట్టిపడదు, మించితే వేడెక్కి పగులుతుంది. మన కోస్తాలో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లు వాడేదీ ఇదే సరుకు. మన దుకాణాల్లో రెసిన్ గట్టిపడటాన్ని వేగవంతం చేసే కోబాల్ట్, హార్డనర్ విడిగా అమ్ముతారు. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలిపాకే హార్డనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలే ప్రమాదముంది. స్టైరీన్ ఆవిరికి మామూలు గుడ్డ మాస్కు అడ్డుకాదు. కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి, తలుపులు తెరిచి పనిచేయాలి.

మ్యాట్ పరిచాక రోలరుతో గాలి బుడగలు తీసేయాలి. జెల్‌కోట్‌కు గాలి తగిలితే పైపొర జిగటగానే ఉండిపోతుంది. అందుకే అందులో మైనం కలుపుతారు, లేదా పైన ప్లాస్టిక్ కాగితం కప్పుతారు.

ఇంతా చేసి, పగులు ఎందుకొచ్చిందో చూడకపోతే శ్రమ దండగ. వెంట్ కోసం కోసిన రంధ్రం మూలలు పదునుగా ఉంటే ఒత్తిడి అక్కడే చేరుతుంది, వాటిని గుండ్రం చేయాలి. క్యారియర్ బోల్టు ఒక్కచోటే నొక్కుతుంటే లోపలి వైపు వెడల్పాటి పలక వేసి బిగించాలి. అతుకు వేసే ముందే ఈ రెండూ చూసుకుంటే అదే చోట మళ్లీ పగిలే అవకాశం బాగా తగ్గుతుంది.