రక్షణశ్రేణికి రూపమిచ్చిన శిక్షకుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి, రక్షణకు వేర్వేరు దళాలు, వేర్వేరు శిక్షకులు ఉంటారు. భారత ఫుట్‌బాల్ శిక్షకునికి అటువంటి వెసులుబాటు లేదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఆ రెండు బాధ్యతలనూ ఒక్కడే మోశాడు. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన పేరుతో ముడిపడినవి. అయితే ఆయన శిక్షణలోని అసలు మార్పు గోల్ కొట్టే చోట గాక, గోల్‌ను కాచే చోట జరిగింది.

వృత్తిరీత్యా రహీం ఉపాధ్యాయుడు. 1943 నుండి మరణపర్యంతం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బంతిని వెంటబెట్టుకొని పరుగెత్తరాదనీ, బలహీనమైన కాలితోనే ఆడాలనీ నియమాలు విధించి ఆయన పోటీలు నడిపేవాడు. ఇవి చూడ్డానికి వినోదాల వంటివే గాని, ఒత్తిడిలో బంతిని ఏ కాలితోనైనా తక్షణం సహచరునికి అందించడమే రక్షకునికి కావలసిన మొదటి విద్య.

1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1 ఓటమి ఆయనకు పెద్ద దెబ్బ. మన ఆటగాళ్ళలో పలువురు ఆ చలిలో ఉత్త కాళ్ళతో ఆడారు. పాదరక్షల లోపాన్ని అందరూ గుర్తించారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. వెనుక ఇద్దరినే నిలిపే పాత అమరికలోని లోపం మాత్రం అంత తేలికగా కంటికి ఆనేది కాదు. రహీం మొదట వెనుక ముగ్గురిని నిలిపాడు. 1962 నాటికి నలుగురిని.

ఆ సంవత్సరం జకార్తాలో భారత్ తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. ఆపై థాయిలాండుతో జరిగిన పోటీలో ప్రధాన రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన కూర్చోబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో చెడుగుడు చూసినవారికి ఇది వింత గాదు: అక్కడ కూతకు వెళ్ళినవాడే తిరిగివచ్చి పట్టుకు నిలబడతాడు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఇది సాహసమే. వెనుక అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ కాచుకోగలరన్న నమ్మకం లేనిదే ఆ మార్పు సాధ్యం కాదు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ చేశాడు. సెప్టెంబరు 4న అదే కొరియాతో తుదిపోరులో పి.కె. బెనర్జీ తరువాత రెండవ గోలూ అతనిదే. ఈసారి కొరియాకు దక్కింది ఒక్క గోల్, అదీ ఆట చివరి నిమిషాలలో. భారత్ 2–1తో గెలిచింది.

అప్పటికే రహీంను క్యాన్సర్ పట్టుకొని ఉంది. 1963 జూన్ 11న ఆయన మరణించాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్ళీ దక్కలేదు.