పనికి వెళితే పింఛను పోతుందా?

మా పునరావాస విభాగానికి వచ్చేవారు కృత్రిమ కాలు గురించో, కాలిపర్స్ గురించో మాట్లాడటం పూర్తయ్యాక, కాస్త గొంతు తగ్గించి ఇంకొక మాట అడుగుతుంటారు. "అయ్యా, నేను పనిలో చేరితే నా పింఛను తీసేస్తారా?" ఈ భయంతోనే చేతికొచ్చిన పనిని వదులుకున్నవారు ఉన్నారు. పని చేస్తూ, ఆ సంగతి నలుగురికీ తెలియకుండా దాచుకుంటూ దినదినగండంగా గడిపేవారూ ఉన్నారు. ఈ రెండు బాధలూ అక్కరలేదు. ఏ సహాయం ఏ షరతు మీద వస్తోందో తెలుసుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరిస్తున్నాము.

శాతం వేరు, సంపాదన వేరు

మొదట ఒక అపోహను తొలగించుకుందాము. సదరం శిబిరంలో డాక్టర్లు ఇచ్చే శాతం మీ శరీరంలో కలిగిన లోపాన్ని కొలుస్తుంది. మీరు పని చేస్తున్నారా లేదా అన్నది ఆ కొలతలో లేదు. మోకాలి కింద కాలు తీసివేసిన వ్యక్తి కృత్రిమ కాలు పెట్టుకొని రోజూ దుకాణానికి నడిచి వెళ్ళినా, ఆయన కాలు తిరిగి రాలేదు కదా! కాబట్టి పని చేసినంత మాత్రాన శాతం తగ్గదు. జబ్బు నయమై లోపం తగ్గినప్పుడు, లేదా మొదటి కొలత తప్పని తేలినప్పుడు మాత్రమే శాతం మారుతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లపై జరిగిన పునఃపరిశీలన కూడా ఈ వైద్య కొలతకు సంబంధించినదే.

పని ప్రభావం చూపేది రెండవ షరతు మీద, అంటే కుటుంబ ఆదాయం మీద.

ప్రభుత్వ పింఛన్లు

ఆంధ్రప్రదేశ్‌లో 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి ఇచ్చే పింఛనును 2024 జూలైలో నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెంచారు. పూర్తిగా మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 చేశారు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛనును 3,016 నుండి 4,016కు పెంచారు. కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి మాత్రమే వర్తిస్తుంది.

ఇవన్నీ పేదరికాన్ని చూసి ఇచ్చేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు మార్గదర్శకాలు గ్రామాల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయల లోపు, పట్టణాల్లో 12,000 లోపు ఉండాలన్నాయి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షనరు గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదని కూడా చెప్పాయి. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. భూమి, నాలుగు చక్రాల వాహనం, కరెంటు వాడకం వంటి షరతులు కూడా వీటిలో ఉన్నాయి.

లెక్క వేసి చూద్దాము

ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామంలో పోలియో వచ్చిన యువతి ఉన్నదనుకోండి. ఆమె పింఛను 6,000. తండ్రి కూలి ఆదాయం నెలకు 5,000. ఆమె ముందు రెండు అవకాశాలు ఉన్నాయి.

మొదటిది, ఇంటి దగ్గరే కుట్టు పని. నెలకు 4,000 వస్తుంది. తండ్రి కూలితో కలిపితే 9,000. పరిమితి లోపే ఉన్నది. ఇతర షరతులు సరిగా ఉంటే పింఛనుకు ప్రమాదం లేదు. ఇంటికి 4,000 అదనంగా వచ్చినట్లే.

రెండవది, పక్క పట్టణంలో దుకాణంలో ఉద్యోగం. జీతం 6,500. తండ్రి కూలితో కలిపితే 11,500. గ్రామ పరిమితి దాటింది. పింఛను ఆగిపోతే, 6,500 వచ్చి 6,000 పోయినట్లు. బస్సు ఖర్చు నెలకు 1,200 అయితే, ఇల్లు మునుపటికంటే 700 రూపాయలు వెనకబడుతుంది.

అలాగని ఉద్యోగం వద్దని మేము చెప్పడం లేదు. ఆ దుకాణంలో పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా? రెండేళ్ళలో జీతం ఎంతకు పెరుగుతుంది? నేర్చుకునే పని ఆమెకు ముందుముందు అన్నం పెడుతుందా? ఇవన్నీ కలిపి చూస్తే 700 రూపాయల లోటును కొంతకాలం భరించడమే మేలని తోచవచ్చు. ఇల్లు గడవక వద్దనుకోవడమూ సబబే కావచ్చు. ఏది ఎంచుకున్నా, లెక్క తెలిసి ఎంచుకోవాలన్నదే మా మనవి.

పని చేసినా ఆగని సహాయాలు

అన్ని సహాయాలూ సంపాదనతో ముడిపడి లేవు. ఫ్యాక్టరీలో పని చేస్తూ ప్రమాదానికి గురైన ఇ.ఎస్.ఐ. కార్మికుల సంగతి చూడండి. గాయం మానేవరకు ఇచ్చే తాత్కాలిక అశక్తత భత్యం సగటు రోజు వేతనంలో 90 శాతం ఉంటుంది. పనికి వెళ్ళిన రోజులకు అది రాదు. కానీ శాశ్వత అశక్తత భత్యం అలా కాదు. మెడికల్ బోర్డు నిర్ణయించిన నష్టం శాతాన్ని బట్టి అది జీవితాంతం వస్తుంది. ఆ కార్మికుడు అదే ఫ్యాక్టరీలో చేరినా, వేరే చోట చేరినా ఆగదు.

బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం నష్టంగా లెక్కిస్తారు. సగటు రోజు వేతనం 500 అనుకుంటే, అందులో 90 శాతం 450. దానిలో 30 శాతం 135. అంటే 30 రోజుల నెలకు 4,050 రూపాయలు. ఈ సంగతి తెలియక, "పనిలో చేరాను కదా, ఇక రాదు" అనుకొని మెడికల్ బోర్డుకు వెళ్ళనివారు నష్టపోతారు.

రైల్వే ప్రయాణ రాయితీ కూడా వైకల్యాన్ని బట్టి ఇచ్చేదే, ఆదాయాన్ని బట్టి కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ఆ కారణంతో తీసివేయరాదని, హోదా తగ్గించరాదని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ఆ ఉద్యోగానికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల దివ్యాంగ సంతానానికి వచ్చే కుటుంబ పెన్షను విషయంలో మాత్రం సంపాదన చూస్తారు. 2021 ఫిబ్రవరిలో ఈ నిబంధనను సడలించారు. తల్లి లేక తండ్రి చివరి జీతంలో 30 శాతం, దానిపై కరువు సహాయం కలిపితే వచ్చే మొత్తంకంటే బిడ్డ ఆదాయం తక్కువగా ఉంటే పెన్షను జీవితాంతం ఇవ్వవచ్చు. గుంతకల్లు, సికింద్రాబాదు, విజయవాడ వంటి రైల్వే ఊళ్ళ కుటుంబాలు దీనిని గుర్తుంచుకోవాలి. చిన్న ఉద్యోగం చేసినంత మాత్రాన ఈ హక్కు పోదు.

మెట్లు దిగడం, గోడ దూకడం

మన పింఛన్లలో ఒక ఇబ్బంది ఉన్నది. పరిమితి లోపు ఉంటే మొత్తం వస్తుంది, దాటితే మొత్తం పోతుంది. కొన్ని దేశాల్లో దీనికి మెట్లు కట్టారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వైకల్య భత్యం పొందేవారు ఐదేళ్ళ వ్యవధిలో 9 నెలలపాటు పని చేసి చూసుకోవచ్చు. ఆ నెలల్లో ఎంత సంపాదించినా భత్యం తగ్గదు. ఆ తరువాత 36 నెలలపాటు, ఆదాయం నిర్ణీత మొత్తంకంటే తగ్గిన నెలల్లో భత్యం మళ్ళీ ఇస్తారు. ఈ నిబంధనలను విడమరచి చెప్పే సలహాదారుల ఏర్పాటుకు అక్కడ 1999లో చట్టమే చేశారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఎవరికైనా ఈ అవసరం ఉంటే, పనిలో చేరకముందే ఆ సలహాదారులను కలవడం మంచిది.

సలహా ఎందుకు అవసరమో మన ప్రాంతపు వైద్య చరిత్రలోనూ కనిపిస్తుంది. రాయవేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేశారు. చేతులు బాగుపడ్డాయి. కానీ బిచ్చమెత్తి బతికేవారికి, చేతులు చక్కబడ్డాక భిక్ష తగ్గిపోయింది. చికిత్సతోపాటు జీవనోపాధి కూడా చూపాలని గ్రహించి, అక్కడ రోగులకు వడ్రంగం వంటి పనులు నేర్పారు. ఒక ఆధారం వదిలేముందు ఇంకొక ఆధారం చేతిలో ఉండాలన్నది మా విభాగంలోనూ మేము పాటించే సూత్రమే.

ఎవరిని అడగాలి?

మొదట మీరు వైద్యం పొందిన ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కరును అడగండి. పింఛను షరతుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాన్ని, తెలంగాణలో ఎం.పి.డి.ఓ. లేక మున్సిపల్ కార్యాలయాన్ని సంప్రదించండి. ప్రమాద భత్యం గురించి ఇ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో తెలుసుకోవచ్చు. ఏ పని మీకు తగునో పరీక్షించి, శిక్షణకు దారి చూపే జాతీయ ఉపాధి సేవా కేంద్రం హైదరాబాదులో ఉన్నది. పింఛను అన్యాయంగా ఆగిపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

వెళ్ళేటప్పుడు సదరం సర్టిఫికెట్, యు.డి.ఐ.డి. కార్డు, ఆధార్, రేషన్ కార్డు, పింఛను కాగితం, కొత్త యజమాని ఇస్తానన్న జీతం వివరం తీసుకువెళ్ళండి. ఈ నాలుగు ప్రశ్నలు తప్పక అడగండి:

1. నాకు వచ్చే సహాయం వైకల్యాన్ని బట్టా, ఆదాయాన్ని బట్టా?
2. ఇంట్లో ఎవరెవరి ఆదాయం లెక్కిస్తారు? పరిమితి ఎంత?
3. పనిలో చేరిన సంగతి ఎవరికి, ఎప్పుడు తెలియజేయాలి?
4. ఆ పని పోతే పింఛను మళ్ళీ పొందడానికి ఏమి చేయాలి?

జవాబులను ఒక కాగితం మీద రాయించుకొని, తేదీ వేసి దాచుకోండి. పని దొరికినప్పుడు దానిని దాచవద్దు. దాచిన ఆదాయం తరువాత బయటపడితే పింఛనుతోపాటు మీ మాటకున్న విలువ కూడా పోతుంది. ఇంట్లో దివ్యాంగులున్న పాఠకులు ఈ పేజీని వారికి చదివి వినిపించగలరు. పని చేయాలనే కోరిక ఉండి భయంతో ఆగిపోయినవారు మీ వీధిలో ఒక్కరున్నా, వారిని వెంటబెట్టుకొని సలహా కోసం తీసుకురండి.